కుర్చీల మేస్త్రిని దిగబెట్టడం

పొద్దున లేవగానే పేము బద్దలు నీళ్ల తొట్టిలో నానబెట్టడం నా పని. నానితేగాని అవి వేళ్లకు లొంగవు. ఇప్పుడు ఆ తొట్టి గోడకు ఆనించి ఉంది. అయినా లేవగానే నా కాళ్లు కొళాయి వైపే పోతాయి.

మా ఆయన్ని అందరూ కుర్చీల మేస్త్రి అనేవారు. చిన్నప్పుడే జబ్బు చేసి చూపు పోయింది. వేళ్లతో తడుముకుంటూ పేము కుర్చీలు అల్లేవారు. ఎక్కడైనా వరస తప్పితే అక్కడిదాకా విప్పేసి మళ్లీ మొదలుపెట్టేవారు. విసుగు రాదా అంటే, విసుగ్గా అల్లితే కూర్చునేవాడికి గుచ్చుకుంటుందని నవ్వేవారు.

మాకు ఒక్కతే కూతురు. జ్వరమొచ్చి పోయింది. దాన్ని మట్టి చేసి వచ్చాక నేను చర్చి గడప తొక్కలేదు. ప్రార్థన చేద్దామంటే నోరు పెగిలేది కాదు. పాస్టరుగారు చెప్పారు, ఇరుగుపొరుగు చెప్పారు, ఒక్క మాటా తలకెక్కలేదు. మా ఆయన మాత్రం ఏమీ చెప్పలేదు. ఒక ఆదివారం ఉతికిన చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డారు.

"దారంతా తవ్వేశారటే. పడ్డానంటే చాకిరీ నీకే. చర్చి దాకా దిగబెట్టి రా."

చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను. ఆయన్ని లోపలికి పంపి నేను మెట్ల మీదే కూర్చున్నాను. అలా ప్రతి ఆదివారమూ. ఎండలు ముదిరాక గుమ్మం నీడలోకి జరిగాను, వానలు పట్టాక వెనక బెంచీ మీదికి. ఆయన ఏమీ ఎరగనట్టే ఉండేవారు. ఒకనాడు ఆ బెంచీ మీదే దేవుడితో మాట్లాడాను. మంచి మాటలేం కావు, దెబ్బలాటే. అయినా మాట్లాడాను.

ఇంటికొస్తూ దారిలో అడిగాను, దేవదూతలు ఎలా ఉంటారనుకుంటారని.

"రెక్కల సంగతి నాకేం తెలుసే. వాళ్లు మనల్ని తమ దగ్గర ఆగనివ్వరు. దేవుడి దాకా తీసుకెళ్లి పక్కకు తప్పుకుంటారు. అంతే."

ఆయన పోయాక వాళ్లక్క, మా వదిన, నాకు తోడుగా వచ్చి ఉంది. మాటల్లో నేను, పాపం ఆయనకు చర్చి దారి తెలియక నా చెయ్యి వదిలేవారు కాదన్నాను. వదిన నా వంక వింతగా చూసింది.

"వాడికా తెలియనిది? మా ఇంటికని నీకు చెప్పి, ఒక్కడే పోయి ఆ చర్చి కుర్చీలు అల్లి వచ్చేవాడు. మరి మరదల్నెందుకురా తిప్పుతావంటే, 'నేను లాగితే రాదక్కా, నన్ను దిగబెట్టమంటే వస్తుంది' అన్నాడు."

ముందు కోపమొచ్చింది. ఎవరి మీదని కోపగించుకోను? దేవుడు నా దగ్గరికి ఒక్క దూతనూ పంపలేదని ఎన్నాళ్లో నిష్ఠూరమాడాను. మా ఆయన దేవదూత అని నేననను. వింటే ముందు ఆయనే నవ్వుతారు. కానీ నేను పట్టుకున్నది ఒక చెయ్యి. ఆయన రెండో చేతిని ఎవరో పట్టుకునే ఉంటారు.

ఆయన పోయినప్పటి నుంచి ఆదివారాలు ఇంట్లోనే గడిచాయి. దిగబెట్టడానికి ఎవరున్నారని వెళ్లను? ఈ ఆదివారం అంట్లు ముందేసుకుని కూర్చోగానే చర్చి గంట వినపడింది. వెళ్దామని లేచాను. ఆ నాలుగు గిన్నెలూ తోమేసి పొమ్మంది వదిన.

తోమితే ఇంకో పని కనిపిస్తుంది, దాని తర్వాత మరొకటి. నా సంగతి నాకు తెలుసు.

"ఉండనీ వదినా. నువ్వూ ముట్టుకోకు" అన్నాను.

చేతులు కడుక్కుని చెప్పులేసుకున్నాను. అంట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి.