రాజమాణిక్యం మామ సంతకం

అది 2006. పుదుచ్చేరి వైట్ టౌన్‌లో, సముద్రానికి రెండు వీధుల ఇవతల, ఒక పాత ఫ్రెంచి ఇంట్లో మా సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉండేది. నెల్లూరులో ఎం.సి.ఎ. చదివి అక్కడ బిజినెస్ అనలిస్టుగా చేరాను. అదేం ఉద్యోగమని మా అమ్మ అడిగింది. వ్యాపారస్తులు చెప్పేది ప్రోగ్రాములు రాసేవాళ్ళకు అర్థం కాదు, వీళ్ళు చెప్పేది వాళ్ళకు అర్థం కాదు, మధ్యలో నిలబడి ఇద్దరికీ చెప్పేది నేను అన్నాను. "అంటే దళారీ పనా?" అంది. అప్పుడు నాకు కోపం వచ్చింది. ఇప్పుడు రావడం లేదు.

తేంగాయితిట్టు హార్బరు దగ్గర వలలు, తాళ్ళు, పడవ ఇంజన్ల విడిభాగాలు అమ్మే వ్యాపారి మా క్లయింటు. ఆయన పేరు రంగనాథం. బజారులో తరాలుగా పాతుకుపోయిన తెలుగు కుటుంబం. ఆయన గోడౌన్‌లో ఏ సరుకు ఎక్కడుందో, ఏ పడవకు ఎప్పుడు ఏం కావాలో ఒక్క మనిషికే తెలుసు. ఆయనే గోడౌన్ సూపర్‌వైజరు రాజమాణిక్యం నాయుడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. వయసంతా ఆ గోడౌన్‌లోనే గడిచింది. ఆయన బుర్రలో ఉన్నదంతా బయటికి రాబట్టి కాగితం మీద పెట్టాలి. దీన్ని మా వృత్తిలో రిక్వైర్‌మెంట్ గేదరింగ్ అంటారు. నాకంటే ముందు వెళ్ళిన ఇద్దరికీ ఆయన రేపు రమ్మని చెప్పి పంపించేశాడు. నాకు తెలుగు వచ్చని మేనేజరు నన్ను పంపాడు.

"యాడ మీది?" అన్నాడు మొదటి రోజు.

"నెల్లూరు మామా."

"మా పెద్దోళ్ళు ఆ పక్కనించే వచ్చినారంట. ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం పాపా. చదవను మాత్రం రాదు. ఇస్కూల్లో అంతా అరవమే."

ఆ రోజు నుంచీ అడగకుండానే చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన పద్ధతి నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు. ఒక్కో పడవ యజమాని సరుకుకు ఒక్కో రంగు వలదారం కట్టేవాడు. పడవ సముద్రంలోకి వెళ్తే దారానికి ముడి వేసేవాడు, తిరిగొస్తే విప్పేవాడు. "ముడి పడి పది దినాలైనా విప్పలేదంటే, ఆ పడవకి తాడో వలో పోయుంటాది. వాళ్ళు అడిగేలోపే తీసి పెడతా" అన్నాడు. ఆ ముడిని నేను రీఆర్డర్ అలర్ట్ అని రాసుకున్నాను. గడువు దాటగానే ఏ సరుకు తీసిపెట్టాలో కంప్యూటరే గుర్తుచేయడం అన్నమాట. మూడు వారాల్లో ఆయన ముడులన్నీ నా నోటుబుక్కులోకి వచ్చేశాయి.

ఒకరోజు టీ తాగుతూ, "నా పేరు తెలుగులో ఎట్ల రాస్తారు పాపా?" అని అడిగాడు. పాత రసీదు వెనక పెద్ద అక్షరాలతో రాసిచ్చాను. "ఇంత గుండ్రంగా ఉంటాదా" అని చాలాసేపు చూసి, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. వారం తిరిగేసరికి గోడౌన్‌లో ఏ అట్టపెట్టె మూత చూసినా వంకరటింకరగా ఆ పేరే.

అప్పుడే అడిగాడు. "ఈ కంప్యూటరు వస్తే నా పని పోతాదా పాపా?"

"లేదు మామా. మీ పని సులువవుతుంది."

అన్నప్పుడు నేను నిజంగానే అలా నమ్మాను. ఆ నమ్మకం వారం కూడా నిలవలేదు. రంగనాథంగారు మా మేనేజర్ని, నన్ను కూర్చోబెట్టుకుని, నేను తయారుచేస్తున్న డాక్యుమెంటులో, సిస్టమ్ వల్ల కలిగే లాభాలు రాసే పేజీలో ఒక వాక్యం చేర్చమన్నారు. సిస్టమ్ వచ్చాక గోడౌన్ సూపర్‌వైజరు పోస్టు అవసరం ఉండదని. "ఆ మాట నా నోటి నించి వస్తే బాగుండదు. మీ డాక్యుమెంట్లో ఉంటే ఎవరూ ఏమీ అనుకోరు" అన్నారు. మేనేజరు తలూపాడు. టైపు చేసింది నేను.

ఆ తర్వాత మిగిలింది సైన్-ఆఫ్. ఇందులో ఉన్నదంతా నిజమే, నాకు సమ్మతమే అని, ఆ పని తెలిసిన మనిషి పెట్టే సంతకం అది. అది లేనిదే ప్రాజెక్టు ముందుకు కదలదు. ఆ డాక్యుమెంటు అచ్చువేసిన నలభై పేజీల ఇంగ్లీషు పుస్తకం పట్టుకుని గోడౌన్‌కు వెళ్ళాను.

"ఏముండాది పాపా దీంట్లో?"

"మీరు చెప్పినవే మామా."

ఒక్కో పేజీ తిప్పుతూ తెలుగులో చెప్పుకుంటూ పోయాను. ఆ వాక్యం ఉన్న పేజీ దగ్గర మాత్రం రెండు కాగితాలు కలిపి తిప్పాను. పొరపాటున కాదు. పొరపాటని రాసుకుంటే నాకు కొంచెం బాగుండేది.

"నువ్వు రాసినాక నేను చూసేదేముండాది" అంటూ కండువాకు చేతులు తుడుచుకుని పెన్ను అడిగాడు. ఎప్పుడూ అరవంలో సంతకం పెట్టే మనిషి, తల వంచి, నేను నేర్పిన అక్షరాలతో మెల్లగా తన పేరు రాశాడు. చివర సున్నా చుట్టి తలెత్తాడు.

"బాగుండాదా?"

"బాగుంది మామా."

సాఫ్ట్‌వేరు చెడిపోయిందనీ, యజమాని నాయుడు మామ కాళ్ళావేళ్ళా పడ్డాడనీ రాయాలని నాకూ ఉంది. కానీ అలా జరగలేదు. అది చక్కగా పనిచేసింది. రెండు నెలలు చూసి రంగనాథంగారు నాయుడిని గదిలోకి పిలిచారు. అక్కడి గుమాస్తాకు కంప్యూటరు నేర్పుతూ నేనూ ఆ గదిలోనే ఉన్నాను. రంగనాథంగారు పుస్తకం తెరిచి, ఆ ఒక్క వాక్యాన్ని తెలుగులో చదివి వినిపించి, "నువ్వే సంతకం పెట్టినావు కదా నాయుడూ" అన్నారు.

నాయుడు మామ ఆ సంతకం వైపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఇది నీకు తెలుసునా పాపా?"

"తెలుసు మామా."

"సరే" అన్నాడు. మేకుకు తగిలించిన సంచీ తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ ఏడాది నాకు ప్రమోషన్ వచ్చింది. క్లయింటు మమ్మల్ని మెచ్చుకుంటూ రాసిన ఉత్తరం ఆఫీసు నోటీసు బోర్డుకు ఎక్కింది. అందులో నా భాషా నైపుణ్యం గురించి ప్రత్యేకంగా ఒక మాట కూడా ఉంది.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు మంచి కమ్యూనికేషన్ ఉండాలని చెబుతుంటారు. ఎందుకు ఉండాలో నాకు ఆ గోడౌన్‌లో తెలిసింది. మనవాళ్ళే కదా అని మనుషులు నోరు విప్పుతారు, అందుకే మనల్ని పంపుతారు. ఆ తర్వాత నేను ఎవరి సంతకం తీసుకున్నా వాళ్ళకు తెలిసిన భాషలో ప్రతి పేజీ చదివి వినిపిస్తున్నాను. వాళ్ళకు నష్టం చేసే వాక్యం ఉంటే దాంతోనే మొదలుపెడతాను. దీనివల్ల ఎవరి ఉద్యోగమూ నిలవలేదు. ఒకాయన పెన్ను నా మీదికి విసిరి లేచిపోయాడు, అంతే. ఇద్దరు మేనేజర్లు నాది నత్త నడక పని అని పేరు పెట్టారు.

గోడౌన్ నుంచి వెళ్ళిపోయిన మరుసటి సంవత్సరం హార్బరులో చేపల వేలం దగ్గర నాయుడు మామ కనిపించాడు. వ్యాన్లలోకి పెట్టెలు ఎక్కిస్తూ చీటీలు రాస్తున్నాడు. దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. నన్ను చూశాడు, గుర్తుపట్టాడు, మళ్ళీ చీటీ మీదికి వంగాడు. అది పూర్తిచేసి, కింద సంతకం పెట్టి డ్రైవరు చేతికిచ్చాడు. అరవంలో పెట్టాడు.