చిన్న సినిమాల కుప్పుస్వామి

నగరిలో మరమగ్గాల కుప్పుస్వామి పెళ్ళికి వస్తున్నాడంటే వంటవాళ్ళకు గుండెల్లో రాయి పడుతుంది. సాంబారు బాగాలేకపోతే పంక్తి మొత్తానికి వినబడేలా చెబుతాడు. యథార్థవాది లోకవిరోధి అని భార్య వరదమ్మ కాపురానికి వచ్చిన నాటినుంచీ దెప్పుతూనే ఉంది. ఆయన ఆ మాటను బిరుదుగా పుచ్చుకున్నాడు తప్ప తిట్టుగా ఎన్నడూ తీసుకోలేదు.

ఆ నోటికి సరైన మేత చిన్న సినిమాల్లో దొరికింది. పెద్ద హీరోల జోలికి పోడు. ఈలలు వేసేవాళ్ళకు చెవులుండవు, చెప్పి లాభం లేదంటాడు. కొత్తవాళ్ళు చేతిలో ఉన్నంతతో తీసిన సినిమా శుక్రవారం వచ్చిందంటే మాత్రం షెడ్డును కూలివాళ్ళకు వదిలేసి మొదటాటకు హాజరు. హాల్లో మనుషులకంటే కుర్చీలే ఎక్కువున్నా సరే, ఆఖరి పేరు పడేదాకా లేవడు. ఊరికే ఇచ్చే పాసు ముట్టడు. పాసు పుచ్చుకున్నవాడి నాలుక పాసు ఇచ్చినవాడిదే అవుతుందని ఆయన నమ్మకం.

తిరుపతిలో యూట్యూబు ఛానెల్ నడిపే చాందిని ఒకసారి నగరి హాలు ముందు ఈయనకు మైకు పెట్టి, సినిమా ఎలా ఉందని అడిగింది. అడగడమే పాపం.

"హీరో టీ తాగేది చూపించినారమ్మా. గ్లాసు చూపించినారు, ఆవిరి చూపించినారు, మళ్ళా గ్లాసు చూపించినారు. నేను బయటికి పోయి టీ తాగి వచ్చినా, ఆయప్ప ఇంకా తాగతానే ఉండాడు."

చిత్తూరు నుంచి వడమాలపేట దాకా జనం ఆ ముక్క చూసి పడీపడీ నవ్వారు. ఆ తరువాత చాందిని శుక్రవారాలు వదల్లేదు. చిన్న సినిమా కదా, కొంచెం దయచూడండి అని ఆమె బతిమాలితే ఆయనకు ఇంకా మండేది.

"పప్పులో ఉప్పు లేకపోతే పేదోళ్ళ పప్పులే అనుకుంటామా, వంట రాదనుకుంటామా? దుడ్డు లేదంటే లైట్లు తగ్గించుకోమను. కథ ఎందుకు తగ్గించాల? అదిగాక సీమ సినిమా అంటారు, నోరు తెరిస్తే కత్తి! మా వీధిలో కత్తి పట్టేది పనసకాయ కోసేదానికే."

ఎంత తిట్టినా జనం ఆయన్ని నమ్మడానికి కారణం ఒకటుంది. పాకాల కుర్రాడొకడు ఈయన తన సినిమాను తిట్టాడని ఇంటి మీదికొచ్చి గొడవపడి, చొక్కా పట్టుకున్నాడు. వాడే మరుసటి ఏడు ఇంకో సినిమా తీస్తే కుప్పుస్వామి మైకు ముందు నిలబడి, "వీడు మంచోడు కాదు, సినిమా మాత్రం మంచిది, పోయి సూడండి" అన్నాడు. పగవాడిదైనా బాగుంటే బాగుందనే అంటాడని ఊరంతా ఒప్పుకున్నది ఆ రోజే.

అసలు పగవాడు మాత్రం గోడకు అవతలే ఉన్నాడు. తమ్ముడు మురుగేష్. పంపకాల్లో ఇంటి నడిమిన గోడ లేచింది. గోడతో ఆగినా పోయేది. కుప్పుస్వామి షెడ్డుకు వెలుతురిచ్చే కిటికీ తన వాటాలోకి చూస్తోందని మురుగేష్ దాన్ని ఇటుకలతో మూయించేశాడు. అప్పటినుంచి అన్న పట్టపగలు ట్యూబులైటు కింద నేస్తున్నాడు. మాటల్లేవు, రాకపోకల్లేవు. పాలోళ్ళ పగకు, అంటే దాయాదుల పగకు, మందు లేదంటారు, ఇక్కడ ఎవరూ మందు వెతకలేదు కూడా.

మురుగేష్ కొడుకు ప్రతాప్. చిన్నప్పుడు పెదనాయన సైకిలు ముందు కూర్చుని సినిమాలకు పోయినవాడు. గోడ లేచాక ఆ సైకిలెక్కడం మానిపించారు. పెద్దయ్యాక హైదరాబాదులో సినిమావాళ్ళ దగ్గర పని నేర్చుకుని, స్నేహితులను కూడగట్టుకుని, నగరి వీధుల్లోనే, ఊరి మనుషులతోనే ఒక సినిమా తీశాడు. పేరు 'నడిమి గోడ'. పేరు వినగానే కుప్పుస్వామి ఒళ్ళు భగ్గుమంది. ఇంటి గుట్టు రచ్చకెక్కించినవాడి తోలు వలుస్తానని వరదమ్మతో చెప్పి మరీ మొదటాటకు బయలుదేరాడు.

తెర మీద ఒక ముసలి నేతగాడు. మిట్టమధ్యాహ్నం లైటు వేసుకుని నేస్తుంటాడు. తెగిన దారం ముడివేయబోతూ, అలవాటు కొద్దీ వెలుతురు కోసం గోడ వైపు జరుగుతాడు. అక్కడ ఇటుకలు. తన పిచ్చికి తనే నవ్వుకుని మళ్ళీ లైటు కిందికి వస్తాడు. మాట లేదు, సంగీతం లేదు. ఆ పని తను ఎన్నిసార్లు చేశాడో కుప్పుస్వామికే తెలుసు. వీడు ఎప్పుడు చూశాడు? ఎక్కడినుంచి చూశాడు? చీకట్లో తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని ఆయన ఏడ్చాడు. సినిమా హాల్లో ఏడవడం ఆయన జన్మలో అదే మొదలు. అంత మంచి సినిమా ఆయన ఈ మధ్యకాలంలో చూడలేదు.

కళ్ళు తుడుచుకుని బయటికి వస్తే గేటు దగ్గర మురుగేష్ కనిపించాడు. ఇంకా సినిమా చూడలేదు, రెండో ఆటకు పోవాలని ఇస్త్రీ చొక్కా వేసుకుని, వచ్చేవాళ్ళకు దండాలు పెడుతూ నిలబడ్డాడు. ఆ మొహంలో వెలుగు చూసేసరికి కుప్పుస్వామికి ఇటుకలతో మూసిన కిటికీ గుర్తొచ్చింది. నా వెలుతురు మూసినవాడు నా ఏడుపుతో పేరు తెచ్చుకుంటాడా?

చాందిని మైకు పెట్టింది. "ఎట్లుంది సార్?"

"ఏముండాది? గోడ ఉండాది. రెండు గంటలు గోడను సూడాలంటే మా ఇంట్లోనే ఉండాది, టికెట్టు ఎందుకు? ఈ పిలగాడికి సినిమా రాదమ్మా. మగ్గం కాడ కూర్చోమని చెప్పండి."

జనం గొల్లుమన్నారు. సాయంత్రానికి ఆ ముక్క అందరి ఫోన్లలోకి ఎక్కింది. పగతో అన్నాడని ఒక్కరూ అనుకోలేదు. పాకాల వాణ్ణే మెచ్చుకున్న మనిషి, సొంత తమ్ముడి కొడుకును ఊరికే అంటాడా? ఆదివారానికి సినిమా ఎత్తేశారు.

కుప్పుస్వామి గెలిచాడు. గెలిచినవాడికి అన్నం సయించలేదు. తరువాతి శుక్రవారం హాలుకు పోలేదు, ఆపై వారమూ పోలేదు. ఒక పొద్దున వరదమ్మ కంచం ముందు పెట్టి, "ప్రతాపు కెమెరా అమ్మేసినాడంట. మగ్గం కాడ కూర్చున్నాడు. నీ మాటే విన్నాడు, సంతోషమేనా?" అంది. ఆయన చెయ్యి కడుక్కుని లేచాడు. అన్నేళ్ళుగా తొక్కని తమ్ముడి గడప తొక్కాడు.

మురుగేష్ వాకిట్లోనే అడ్డం నిలబడ్డాడు. "ఇంకా ఏం మిగిలిందని వచ్చినావు? ఆ పొద్దు రెండో ఆట సూసి నాకు బుద్ధొచ్చింది. కిటికీ తెరిపిద్దామని మేస్త్రీకి చెప్పి ఇంటికొచ్చినా. వచ్చేసరికి ఫోన్లో నీ మొహం! నా మీద పగ ఉంటే నన్ను కొట్టాల. బిడ్డనెందుకు కొట్టినావు?"

కుప్పుస్వామి అతణ్ణి తప్పించుకుని, పక్కనుంచి తమ్ముడి షెడ్డులోకి పోయాడు. మరమగ్గాల మోతలో ప్రతాప్ తల వంచుకుని ఉన్నాడు.

"నీ సినిమా బాగుండాదిరా!" అని అరిచాడు పెద్దాయన.

వినబడలేదు. మళ్ళీ గట్టిగా అరిచాడు. ప్రతాప్ మోటారు కట్టేసి లేచి నిలబడ్డాడు.

"నేను అబద్ధం చెప్పినా ప్రతాపూ. మీ నాయన మొహం సూసి చెప్పినా. హాల్లో ఏడ్చినాను రా. మా అమ్మ మీద ఒట్టు."

ప్రతాప్ కోప్పడి ఉంటే బాగుండేది. వాడు కుర్చీ లాగి, పెదనాయనను కూర్చోబెట్టాడు.

"ఒట్లు వద్దు పెదనాయనా. జాలిపడి నా కోసం అబద్ధం చెప్పేదాకా వచ్చినావే, నాకది చాలు. సైకిలు మీద వచ్చేటప్పుడు నువ్వు చెప్పేది వినే నేను సినిమా నేర్చుకున్నా. ఊరంతా మంచిగా చెప్పినా నేను నమ్మేవాణ్ణి కాదు, నువ్వేమంటావా అని సూసినా. మైకు కాడ చెప్పినావు సూడు, అదే నిజం."

"కాదురా, ఇదే నిజం! బాగుండాది, శానా బాగుండాది!"

ప్రతాప్ మర్యాదగా తల ఊపాడు. బంధువుల కుర్రాడి సినిమా చూసి బాగుందనేవాళ్ళకు ఎవరైనా ఊపినట్టే ఊపి, వెనక్కి తిరిగి మోటారు వేశాడు.