ఎర్రదని తేలిన చక్రవర్తి

పోయిన వారం మా వీధిలోకి పాత పట్టుచీరలు కొనే మనిషి వచ్చాడు. పెట్టె అడుగున మడతల దగ్గర చిరిగిపోతున్న చీర ఒకటి ఉంటే తెచ్చి చూపించాను. అతను అంచులోంచి ఒక జరీ పోగు లాగి, జేబులోని నల్లరాయి మీద రెండుసార్లు రుద్ది, రాయి నా వైపు తిప్పి, "ఎర్రదమ్మా ఇది, లోపలంతా రాగే" అన్నాడు పాపం, నేనేమంటానోనని భయపడుతూ. పెళ్ళయిన కొత్తలో మా ఆయన ముచ్చటపడి కొనిచ్చిన చీర అది. నాకు నవ్వొచ్చింది. ధర్మవరంలో జరీ అంగడి ఉన్న ఇంట్లో పెరిగినదాన్ని, అది ఎర్రదని కట్టుకున్న మొదటి రోజే నాకు తెలుసు. ఆయన పోయేదాకా ఆ మాట ఆయనకు చెప్పలేదు. నాకు ఆ మాత్రం బుద్ధి ఉందంటే అది మా చిన్నాయన పుణ్యమే.

చిన్నాయనంటే మా నాయన తమ్ముడు. అంగడి నడిపింది ఆయనే. అసలు జరీ అంటే పట్టుదారానికి చుట్టిన వెండి తీగ, దాని మీద బంగారు పూత. దొంగ జరీలో వెండి ఉండాల్సిన చోట రాగి ఉంటుంది, గీటురాయి మీద రుద్దితే ఆ ఎరుపు బయటపడుతుంది. అందుకని మా ఇళ్ళలో 'ఎర్రది' అనేది పెద్ద తిట్టు. పాలు పలచబడితే పాలాయన ఎర్రది పోశాడనేవాళ్ళు, మాట తప్పిన వియ్యంకుణ్ణి ఎర్రజరీ అనేవాళ్ళు. చిన్నాయన చొక్కా జేబులో గీటురాయి ఎప్పుడూ ఉండేది. చేతికి ఏ లోహం వచ్చినా, మనసు ఎక్కడున్నా, వేళ్ళు దాన్ని తీసుకెళ్ళి రాయి మీద రుద్దేసేవి. ఒక పెళ్ళింట్లో మగపెళ్ళివాళ్ళు చందనం గిన్నె అందిస్తే దాన్నీ రుద్దబోయాడు. పిన్నమ్మ తొడపాశం పెట్టింది కాబట్టి ఆ పెళ్ళి సజావుగా జరిగింది.

ఆయన ఆ రాయి మీద రుద్దనివి తను పోగుచేసిన రోమను నాణేలు మాత్రమే. ఒకప్పుడు మన మిరియాలకీ బట్టలకీ బదులుగా ఆ దేశపు వెండి ఓడల్లో వచ్చేదట. ఎప్పుడో పూడ్చిపెట్టినవి నాగలికి తగిలి బయటపడితే, జనం వాటిని కడియాలు చేయించుకోవడానికి కంసాలి దగ్గరికి తెచ్చేవాళ్ళు. ఆ కంసాలి చిన్నాయనకు స్నేహితుడు. కరిగించడానికి మూసలో వేయబోయే ముందు కబురు పెట్టేవాడు, ఈయన పరుగెత్తుకెళ్ళి వెండికి వెండి తూచి ఇచ్చి వాటిని విడిపించుకొచ్చేవాడు. అలా పద్నాలుగు నాణేలు చేరాయి. ఒక్కొక్కటి పాత చారణా అంత ఉండేది. ఒకదానికి బెజ్జం ఉండేది, ఏ కాలంలో ఏ తల్లి మెడలో వేలాడిందో. వాటి మీది రాత చదవడం రాదు కనుక చక్రవర్తులకు చిన్నాయనే పేర్లు పెట్టాడు. ముక్కాయన, ఆకుల కిరీటమాయన, మూతి ముడుచుకున్నాయన. వెనకవైపు కుర్చీలో కూర్చున్న దేవత మా పిన్నమ్మ లాగే ఉందనేవాడు, పిన్నమ్మ వినేటట్టుగా. జరీ రీళ్ళు వచ్చే డబ్బాలో దూది పరిచి వాటిని పడుకోబెట్టేవాడు. ఆదివారం మధ్యాహ్నాలు ఆ డబ్బా మూత తీస్తే దూది వాసనా పాత వెండి వాసనా కలిసి వచ్చేవి. నేను చరిత్ర చదివానంటే ఆ వాసనే కారణం.

ఇక బుడ్డల మామ. మా వైపు వేరుశెనగ కాయల్ని బుడ్డలంటారు. ఉరవకొండ అవతల ఒక పల్లెలో వానను నమ్ముకుని సేద్యం చేసేవాడు, మాకు చుట్టమేమీ కాదు. చిన్నాయన పడుచు వయసులో చీరల మూట నెత్తిన పెట్టుకుని పల్లెలు తిరిగేటప్పుడు ఎండదెబ్బ తగిలి ఆయన చేను గట్టున పడిపోయాడట. మామ బండిలో వేసుకుని ఇంటికి తీసుకెళ్ళి పది రోజులు మజ్జిగ తాగించి బతికించాడు. అప్పటినుంచి ఏటా పంట రాగానే ఒక మూట బుడ్డలు భుజాన వేసుకుని మా అంగడికి వచ్చేవాడు. ఆ మూట విప్పితే ఇంటినిండా ఎర్రమట్టి వాసన.

నేను అనంతపురంలో డిగ్రీ చదువుతున్న ఏడాది చుక్క వాన పడలేదు. ఆ ఏడు మామ రాడనుకున్నాం. వచ్చాడు, ఖాళీ భుజంతో. కాసేపు అదీ ఇదీ మాట్లాడి, పంచె చెంగు ముడి విప్పి ఒక నాణెం తీసి చిన్నాయన చేతిలో పెట్టాడు. వాళ్ళ తాత కాలంలో చేనులో దొరికిందట, దేవుని గూట్లో ఉండేదట. "ఈ తూరి బుడ్డల్లేవప్పా. నీకు ఇట్లాటివి ఇష్టం గదా, ఉంచుకో" అన్నాడు. చిన్నాయన ముఖం వెలిగిపోయింది. కానీ దాని అంచున చిన్న గాటు ఉంది, గాటులో రంగు తేడాగా ఉంది. అంతే, వేళ్ళు వాటి పని అవి చేసేశాయి. రాయి మీద ఎర్రటి గీత పడింది. చిన్నాయన పకపకా నవ్వి, అంగట్లో కూర్చున్న ఇద్దరు నేతగాళ్ళకు రాయి చూపిస్తూ, "ఎర్రది! మాయన్న నాకు ఎర్రదిచ్చినాడప్పోయ్!" అన్నాడు.

నేను కాఫీ గ్లాసులతో గడప దగ్గర నిలబడి ఉన్నాను. మామ ముఖం నాకు కనిపించింది, చిన్నాయనకు కనిపించలేదు. "నేను నీకు ఎర్రదిచ్చేవాణ్ణా?" అని ఒక్క మాటే అని, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. కాఫీ ముట్టలేదు.

మరుసటి ఏడు పంట బాగానే వచ్చిందని తెలిసింది. బుడ్డలు రాలేదు. చిన్నాయన రెండు కార్డులు రాశాడు, జవాబు లేదు. స్వయంగా పోవడానికి ముఖం చెల్లలేదు. ఆ నాణేన్ని డబ్బాలో పెట్టలేదు, పారేయనూ లేదు, గీటురాయి ఉండే జేబులోనే వేసుకుని తిరిగేవాడు. అన్నం దగ్గర కూర్చుని, "నా ఒంట్లో పారేది ఆయన మజ్జిగే" అని ఉన్నట్టుండి అనేవాడు. పిన్నమ్మ ఇంకాస్త పప్పు వడ్డించేది.

చివరికి నేనే ఆ నాణేన్ని అడిగి తీసుకెళ్ళి మా చరిత్ర మేడమ్‌కి చూపించాను. ఆమె భూతద్దం కింద చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. రాగి బిళ్ళకు పలచని వెండి రేకు చుట్టి ముద్ర కొట్టారంది. దొంగ నాణెమే, కానీ ఆ దొంగతనం జరిగి రెండు వేల ఏళ్ళయిందంది. అంచున గాటు కూడా పాతదేనట, ఆ కాలపు వర్తకుడెవడో అనుమానం వచ్చి కోసి చూసుకున్నాడట. "మంచి వెండివన్నీ కరిగి కడియాలైపోయాయి. ఇది దేనికీ పనికిరాలేదు కాబట్టే మనదాకా వచ్చింది" అంది. నేను సాయంత్రం బస్సుకే ధర్మవరం వెళ్ళి చెప్పాను. చిన్నాయన విని, నాణేన్ని నా చేతిలోంచి తీసుకుని మళ్ళీ జేబులో వేసుకున్నాడు. తర్వాత లేచి, "తెల్లారి మొదటి బస్సుకు పోదాం, నువ్వూ రా మే" అన్నాడు.

మేము వెళ్ళేసరికి మామ కొట్టం ముందు కూర్చుని పగ్గం పేనుతున్నాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు. చిన్నాయన నిలబడే మొదలుపెట్టాడు. రోము దేశం, వెండి రేకు, అప్పటి దొంగ, ఆ గాటు, అంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. మామ పేనడం ఆపకుండా విని, "అయితే ఎర్రదే గదప్పా?" అన్నాడు.

చిన్నాయన మామ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. "ఎర్రదేన్నా. ఎర్రదయినా దాంట్లో నీ తప్పేమీ లేదు. నువ్వు చేతిలో పెట్టినదాన్ని నేను రాయి మీద రుద్దినా. ఆ తప్పు నాది."

మామ చేతులు ఆగాయి. "పారేసినావా దాన్ని?" అని అడిగాడు.

"జోబులోనే ఉండాది. ఏడాదిన్నర్నుంచి ఈడనే ఉండాది."

లోపలినుంచి అత్త గొంతు వినిపించింది. "రుద్దితే ఏమాయె, అరిగిపోయిందా? ఆ పిల్ల ఎండలో నిలబడుకోనుండాది. లోపలికి రాండి, సంగటి చల్లారిపోతాండాది." ఆ రోజు తిన్న సంగటీ, బుడ్డలు నూరిన ఊరుబిండి పచ్చడీ ఇప్పటికీ నా నాలుక మీద ఉన్నాయి. తిరిగి వచ్చేటప్పుడు బస్సు పైకి రెండు మూటలు ఎక్కించాడు మామ. వాన పడని ఏటిది కూడా కలిపాడట.

ఆ తర్వాత చిన్నాయన ఎవరైనా ఏదైనా ఇస్తే రెండు చేతులా తీసుకుని కళ్ళకద్దుకునేవాడు. ఇద్దరూ ఇప్పుడు లేరు. పద్నాలుగు వెండి చక్రవర్తులనూ చిన్నాయన మాట ప్రకారం మ్యూజియంకి ఇచ్చేశాం. ఎర్రది మాత్రం నాకివ్వమన్నాడట. నా జీవితంలో అందుకున్న వాటన్నిటిలో నేను ఎక్కువ రుణపడింది దానికే. అది రెండు వేల ఏళ్ళు మట్టిలో పడి ఉందంటే నాకు పెద్దగా ఆశ్చర్యం వేయదు. ఒకరి మీద ఒకరికి ప్రాణమున్న ఇద్దరు మనుషులు మాట్లాడుకోని ఆ ఏడాదిన్నరే నాకు అంతకంటే ఎక్కువ కాలంగా తోస్తుంది.