సగం వేడి బట్టీ

నలభై దాటినా ఇంట్లో అందరికీ ఆమె చిన్నమ్మాయే. అన్నకు పెళ్లయిన కొత్తలో వదిన దగ్గరే కుమ్మరి సారె మీద మట్టి నిలపడం నేర్చుకుంది. ఇప్పుడు వదిన కార్ఖానాలో కప్పులూ గిన్నెలూ సగానికి సగం ఆమె చేతి మీదుగా వచ్చినవే. అడుగున పడే ముద్ర మాత్రం వదినది. తన ముద్ర వేసిన కప్పు ఒక్కటైనా చేయాలని చిన్నమ్మాయి కోరిక. అందుకే తన ఇంటి పెరట్లో షెడ్డు ఖాళీ చేయించింది. ఇక సొంత బట్టీ కొనడమే తరువాయి.

చిక్కల్లా ఒకటే. ఇన్నేళ్లలో బట్టీ మీట ముట్టుకున్న పాపాన పోలేదు. "మట్టి నీది, మంట నాది" అని వదిన మొదట్లోనే వాటాలు వేసేసింది. కాల్చే రోజున తలుపు వేసుకుని ఒక్కతే కూర్చునేది. అందుకే ఎంపికకు వదిననే వెంటబెట్టుకెళ్లింది.

కరెంటు బట్టీలు తయారుచేసే మేస్త్రీ రెండు చూపించాడు. ఒకటి నడుమెత్తున, పైమూతతో ఉంది. రెండోది బీరువా అంత.

"పెద్దదే నయమేమో వదినా."

"అది పెడితే కరెంటు పోయి మీ వీధంతా చీకటే. మీ ఆయన మొహం కూడా కనపడదు నీకు."

"పోనీలే, అదో సుఖం."

ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

"మరి చిన్నదాంట్లో గాజుపూత కరుగుతుందా?"

"నా మాట మీద నమ్మకం లేనప్పుడు నన్నెందుకు లాక్కొచ్చావే?"

చిన్నమ్మాయి నాలుక కరుచుకుని చిన్నదే ఖాయం చేసింది. వదిన మాత్రం కాసేపు వెనక ఉండి, మేస్త్రీతో ఏదో మాట్లాడి వచ్చింది.

బట్టీ షెడ్డుకు చేరాక, తన ముద్ర వేసిన కప్పులు మొదటిసారి కాల్చినప్పుడు లేత గులాబి రంగు తిరిగి, గోటితో కొడితే ఖంగుమన్నాయి. సంబరంగా గాజుపూత పూసి, రెండోసారి పెట్టి, మీటను చివరిదాకా తిప్పింది. చల్లారాక మూత ఎత్తితే పూత కరగనే లేదు. సున్నం గోడలా పొడిపొడిగా వేలికి అంటుకొచ్చింది.

మేస్త్రీకి ఫోన్ చేసింది.

"పూత కరిగేంత వేడి అందులో పుట్టదమ్మా. మొదటి కాల్పు వరకే పనికొస్తుంది. మీ వదినగారికి చెప్పాను కదా! రెండోసారి మా బట్టీలోనే కాల్చుకుంటాం, అది మేమిద్దరం ముందే అనుకున్నదే అన్నారు. ఒకసారి వాడాక వెనక్కి తీసుకోలేనమ్మా."

వదిన పొరపాటు పడి ఉంటుంది, అంతే అనుకుంటూ కప్పుల ట్రే పట్టుకుని ఆమె ఇంటికి వెళ్లింది. నోరు తెరవకముందే వదిన, "పొడిగా వచ్చాయా? ఇలా పట్రా" అంటూ తన బట్టీ తలుపు తీసింది. మధ్య అర అప్పటికే ఖాళీ చేసి, తుడిచి ఉంది.

చిన్నమ్మాయి చూపు ఆ ఖాళీ అర మీద పడింది.

"నీకు తెలుసన్నమాట."

"తెలీకేం? ఏరు దాటి తెప్ప తగలేస్తానంటే చూస్తూ ఊరుకోనా?"

"ఉండమంటే ఉండేదాన్ని వదినా. తడిగుడ్డతో గొంతు కోయడమెందుకు?"

"అబ్బో, పెద్ద మాటలే! సరే, అడుగున నీ ముద్ర గీకెయ్. నా బట్టీలో కాలింది నా ముద్రతోనే బయటికెళ్లాలి."

చిన్నమ్మాయి ట్రే తీసుకుని వెనక్కి తిరిగింది. ఇంటికొచ్చి కొళాయి కింద ఒక్కో కప్పూ కడిగింది. పూతంతా తెల్లగా నీళ్లలో పోయింది.

సాయంత్రం అన్న ఫోన్ చేశాడు.

"మీ వదిన నొచ్చుకుందే. నువ్వు దూరమైపోతావని అలా చేసింది. నేనూ సరేనన్నాను."

"నువ్వూనా!"

దానికి అన్న అడిగిందల్లా ఒకటే.

"అయితే రేపట్నుంచి ఇక్కడ సారె ఎవరు తిప్పుతారే?"

"నువ్వు తిప్పు. పూత అక్కర్లేని పూలకుండీలు చేసుకుని బతుకుతా నేను" అని ఫోన్ పెట్టేసింది.