యాకుత్‌పురా ఇంటి టేకా

ఆ రోజు పొద్దున, మంచం పట్టిన నా భార్య విజయ కొంచెం జావ తాగింది. దిండు సర్దమంది, సర్దాను. మధ్యాహ్నం మా శారదక్క పురానాపూల్ నుంచి ఫోన్ చేసింది.

"నేను రావాల్నారా తమ్మీ?"

"వద్దక్కా. నేను చూస్కుంటున్న గదా. ఏం ఫికర్ లేదు."

ఫోన్ పెట్టేశాక విజయ కళ్లు తెరిచింది. "మళ్ల టేకా తీసేసినవా?" అంది. చిన్నగా నవ్వింది కూడా. ఆ తర్వాత మాట్లాడలేదు. పొద్దు గూకేసరికి పోయింది.

మంచం మీద నుంచి కిందికి దింపాలి. ఆమెను దింపడం నా ఒక్కడి వల్ల కాలేదు. సంతోష్‌నగర్‌లో మా కింది వాటాలో ఉండే గౌస్ భాయ్ తలుపు కొట్టాను. అప్పుడు కూడా కొట్టడానికి సిగ్గుపడ్డాను... ఆయన ఏమీ అడగకుండా పైకి వచ్చి కాళ్ల వైపు పట్టుకున్నాడు.

టేకా సంగతి చెప్పాలంటే యాకుత్‌పురా గల్లీకి వెళ్లాలి.

మా చిన్నప్పుడు... మా ఇంటి వీధి గోడ బయటికి ఒరిగింది. మట్టి గోడ, పైన సున్నం. కప్పు పెంకులది. ఆ బరువుకు వాసాలు పక్కలకు జారుతూ గోడను బయటికి నెట్టేవి. పైనుంచి ఎంత బరువు పడ్డా మోసే గోడ, పక్క నుంచి నెడితే నిలవదు. అందుకని బాపు గల్లీలోంచి ఒక లావుపాటి దుంగను ఏటవాలుగా గోడకు ఆనించాడు. దాని మొదలు జారకుండా గుంట తీసి, వెనక బండరాయి పెట్టాడు. అదే టేకా.

గల్లీ పిల్లలకు అది జారుడుబండ. ఎదురింటి విజయ రోజంతా దాని మీదే ఉండేది. పడిపోకుండా మా శారదక్క ఆమె చెయ్యి పట్టుకుని జారనిచ్చేది. నాకు మాత్రం తల తీసేసినట్టుండేది. బడి నుంచి వస్తుంటే "ఏయ్, లంగ్డా ఘర్!" అని అరిచేవారు. కుంటి ఇల్లు... నేను పక్క గల్లీలోంచి చుట్టూ తిరిగి ఇంటికి పోయేవాణ్ణి.

ఆ సిగ్గు బాపుకూ ఉందని, అక్క పెళ్లిచూపులకు పురానాపూల్ బట్టల దుకాణం వాళ్లు వచ్చిన రోజు తెలిసింది. పొద్దున్నే టేకా తీయించాడు. దుంగను విజయ వాళ్ల వాకిట్లో దాచిపెట్టాడు.

"గోడ ఊకుంటదా అన్నా?" అంది విజయ వాళ్లమ్మ.

"ఒక్క పూట ఊకోదా చెల్లె? కుంటి ఇల్లు జూస్తే వాల్లు అట్లనే వాపస్ పోతరు."

వాళ్లు వచ్చారు. చాయ్ తాగుతున్నారు. అక్క తల వంచుకుని కూర్చుంది. ఇంతలో గల్లీలోంచి విజయ కేక...

"మామా! మీ గోడ నడుస్తున్నది!"

పైనుంచి మన్ను రాలింది. అందరం బయటికి ఉరికాం. బాపు రెండు చేతులూ గోడకు ఆనించాడు. ఆయన పక్కనే పెళ్లికొడుకు తండ్రి, ఇస్త్రీ ధోతి పెద్దమనిషి, భుజం పెట్టి నిలబడ్డాడు. "చూస్తరేందిరా పోరగాండ్లు! జెల్ది దుంగ తెండి!" అని అరిచాడు. కుంటి ఇల్లని వెక్కిరించిన పిల్లలే నాతో కలిసి దుంగను ఈడ్చుకొచ్చారు.

టేకా మళ్లీ పడింది. బాపు తల ఎత్తలేదు. పెద్దమనిషి భుజం మీది సున్నం దులుపుకున్నాడు.

"గింత దానికి సిగ్గెందుకయ్యా? గోడనే వట్టుకున్నం, పిల్లను ఇడుస్తమా?"

గల్లీ అంతా నవ్వింది. అక్క కూడా.

తర్వాత నేను సివిల్ ఇంజనీరింగ్ చదివాను. గోడ దుంగను ఎంత నెడుతుందో దుంగ గోడను అంతే నెడుతుందని, బలాలు సరితూగితేనే కట్టడం నిలుస్తుందని, కాగితాల మీద బాణాలు గీశాను. విజయను పెళ్లి చేసుకున్నాను. ఎవరైనా సాయానికి వస్తానంటే నేను వద్దన్నప్పుడల్లా ఆమె ఒకటే మాట... "టేకా తీసేసిండు సారు."

ఇప్పటికీ అంతే. గౌస్ భాయ్ ఇంట్లోంచి టిఫిన్ డబ్బా వస్తే, తలుపు తీయకుండానే "తిన్న భాయ్" అంటాను. తిని ఉండను. ఆ మంచం ఇంకా గది మధ్యలోనే ఉంది. దాని పక్కన చాప వేసుకుంటాను.

దుంగ మీద విజయను చెయ్యి పట్టి ఆడించిన అక్క... ఆ అక్కను ఆఖరి రోజు రానివ్వలేదు. ఇది రాస్తుంటే కూడా తల ఎత్తలేకపోతున్నాను.

మా గల్లీలో ఇప్పుడు టేకాలు లేవు. అన్నీ పిల్లర్ల ఇళ్లే. మోసేది గోడ లోపలే ఉంటుంది, ఎవరికీ కనిపించదు. మీ గల్లీలో అలాంటి ఇల్లు ఉండేదా... అది మీదే అయితే కూడా రాయండి.

రేపు పొద్దున అక్కకు నేనే ఫోన్ చేస్తాను. రమ్మంటాను.