అరగని పెన్ను మొన

పిల్లల బొమ్మల పుస్తకాలు వేసే ఆ చిన్న ప్రచురణ సంస్థలో ఆమెను అందరూ చీమ అని పిలిచేవారు. ఆ పేరు పెట్టింది మాస్టారే. "తలెత్తదు, నోరెత్తదు, పని ఆపదు" అని ఆమె చేరిన మొదటి నెలలోనే నవ్వుతూ అన్నారు. అప్పుడు ఆమె కూడా నవ్వింది. మాస్టారు అక్కడ పెద్ద ఆర్టిస్టు. ఏనుగు తోలు మీద ముడతలు ఎలా పడతాయో, కోపమొచ్చిన పిల్లి చెవులు ఎటు తిరుగుతాయో ఆమెకు నేర్పింది ఆయనే. ఆ మాట ఆమె ఎన్నడూ కాదనలేదు.

పగ మొదలైంది ఏనుగుల పుస్తకంతో. వానలో తప్పిపోయిన గున్నఏనుగు కథ. ముప్పై రెండు పేజీల బొమ్మలు ఆమె ఒక్కతే నాలుగు నెలలు కూర్చుని గీసింది. ఆఖరి వారంలో భర్తకు జ్వరం తిరగబెడితే సెలవు పెట్టింది. తిరిగొచ్చేసరికి పుస్తకం అచ్చయిపోయింది. అట్ట మీద 'బొమ్మలు' అన్నచోట మాస్టారి పేరుంది. రెండు నెలలకు దానికి బహుమతి కూడా వచ్చింది. వేదిక మీద మాస్టారు, మూడో వరుసలో చప్పట్లు కొడుతూ ఆమె.

మర్నాడు ధైర్యం చేసి అడిగింది. "అవి నేను గీసినవి కదా మాస్టారూ?"

"కాదన్నానా అమ్మాయ్? చెట్టు నాది. కాయ ఎక్కడ కాస్తే ఏముంది?" అని ఆయన టీ కప్పు అందుకున్నారు.

ఆ మాట మింగలేకపోయింది, కక్కలేకపోయింది. ఏడాదిన్నర పాటు అది గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. ఇంట్లో భర్త "పోనీలే, వదిలెయ్" అన్నప్పుడల్లా తల ఊపేది. వదల్లేదు.

అలాంటి రోజుల్లో ఆఫీసుకు బొమ్మలు గీసే కొత్త ట్యాబ్లెట్ వచ్చింది. అప్పటిదాకా అందరూ వాడేది తెర లేని నల్ల పలక. చెయ్యి బల్ల మీద గీస్తుంటే కళ్లు ఎదురుగా కంప్యూటర్‌లో చూడాలి. ఏడేళ్లుగా గీసీ గీసీ ఆమె పలక మధ్యలో నున్నగా మెరిసేది. వదులైపోయిన కేబుల్‌ను రబ్బరుబ్యాండుతో కట్టి పనిచేయించేది. కొత్తదానికి తెర ఉంది. బొమ్మ మీదే బొమ్మ గీయొచ్చు. వేలి బరువు పెరిగితే గీత లావెక్కుతుంది, తగ్గితే సన్నబడుతుంది.

"మాస్టారు నెల రోజులు వాడి చూస్తారు. చీమ పాతదాని మీదే గీస్తుంది. రెండూ పోల్చి చూసి బాగుంటే అందరికీ కొందాం" అంది మేడమ్, అంటే సంస్థ యజమానురాలు.

మూడో రోజునే మాస్టారు ఒక కాగితం పట్టుకుని ఆమె బల్ల దగ్గరికొచ్చారు. పెన్సిల్‌తో వేసిన కోతి రూపం. "కొత్తది కదా, ఇంకా చెయ్యి కుదరలేదు. దీన్ని కాస్త పూర్తి చేసి పెట్టమ్మాయ్."

పెట్టింది. మర్నాడు కుందేలు వచ్చింది, ఆ వెనకే ఎలుగుబంటి, ఒంటె. ఆయన కాగితం పట్టుకున్నప్పుడు వేళ్లు సన్నగా వణకడం ఆమె చూసింది. చూసినా చూడనట్టే ఉండిపోయింది. బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో గీతగీతనూ వీడియోగా దాచే ఏర్పాటొకటి ఉంటుంది. కుందేలు బొమ్మ నుంచి దాన్ని ఆన్ చేసి ఉంచింది.

మధ్యాహ్నం మాస్టారు భోజనానికి వెళ్లినప్పుడు ఒకసారి కొత్త ట్యాబ్లెట్ పెన్ను తీసి చూసింది. ఆమె పెన్ను మొన ఒక పక్కకు అరిగి ఏటవాలుగా ఉంటుంది. ఇదేమో పెట్టెలోంచి అప్పుడే తీసినట్టు గుండ్రంగా ఉంది. తెర మీద ఒక గీత గీసింది. ఊపిరి పీల్చినా పట్టుకునేలా ఉంది. పాత పలక చిన్నచిన్న వణుకులను కప్పేసేది. ఇది దేన్నీ దాచదు. ఆమె గీత చెరిపేసి, పెన్ను యథాస్థానంలో పెట్టేసింది. చాలా రోజుల తర్వాత ఆ పూట కడుపు నిండా తింది.

నెల తిరిగింది. మేడమ్ గదిలో బొమ్మలన్నీ గోడకు అంటించారు. ఎడమ పక్క పాతదానివి, కుడి పక్క కొత్తదానివి. పేజీలు కూర్చే అతను, కథలు దిద్దే ఆవిడ కూడా వచ్చి కూర్చున్నారు.

"ఈ ఒంటె పెదవి చూడండి" అన్నారు మాస్టారు. "పాత పలక మీద ఏడు జన్మలెత్తినా ఈ గీత రాదు."

"వచ్చింది మాస్టారూ" అంది ఆమె.

ఎవరికీ అర్థం కాలేదు. ఆమె లేచి కంప్యూటర్‌లో వీడియో పెట్టింది. ఒంటె మూపురం, కాళ్లు, చివరికి ఆ పెదవి, ఒక్కొక్క గీతా నడిచొచ్చింది. మూలన ఆమె కంప్యూటర్ గుర్తు, తేదీ, గంట. తర్వాత కుందేలు, ఎలుగుబంటి.

"ఈ గోడ మీద కొత్తదాని బొమ్మ ఒక్కటీ లేదు మేడమ్. రెండు పక్కలవీ పాతదాని మీద నేనే గీశాను. పోల్చాలంటే మాస్టారిని ఒక్కటి గీయమనండి, ఇక్కడే."

అక్కడితో ఆగి ఉండొచ్చు. ఆగలేదు. కొత్త ట్యాబ్లెట్ తెచ్చి మాస్టారి ముందు పెట్టి, పెన్ను రెండు చేతులతో అందించింది. "గున్నఏనుగు గీయండి మాస్టారూ. బహుమతి వచ్చింది కదా, అలవాటే మీకు."

మాస్టారు పెన్ను పట్టుకున్నారు. తొండం మొదలుపెట్టారు. తెర ఒక్క వణుకునూ వదల్లేదు. తొండం గాలికి ఊగే దారంలా వచ్చింది. రెండోసారీ అంతే. కథలు దిద్దే ఆవిడ తల దించుకుంది. చీమ మాత్రం రెప్ప వేయకుండా చూసింది.

"ఏనుగుల పుస్తకం సంగతేంటి?" అని మేడమ్ మెల్లగా అడిగింది.

మాస్టారు పెన్ను కింద పెట్టేశారు. "అదీ ఈ అమ్మాయిదే" అన్నారు.

తర్వాతి ముద్రణకు అట్ట మీద పేరు మారింది. కొత్త ట్యాబ్లెట్ ఆమె బల్ల మీదికొచ్చింది. మేడమ్ అడిగిన నివేదికలో ఉన్నదున్నట్టు రాసింది: కొత్తది మంచిదే, కానీ అద్దం మీద పెన్ను జారుతుంది, అంచుల దగ్గర గీత మొన కింద కాకుండా వెంట్రుకవాసి పక్కన పడుతుంది, చెయ్యి తిరగని వాళ్లకు పాతదే నయం. ఆఖరి మాట రాస్తూ నవ్వుకుంది.

మాస్టారు ఆఫీసుకు రావడం మానేశారు. మూడు వారాల తర్వాత తన కుంచెలు తీసుకెళ్లడానికి వచ్చి, మెట్ల మీద ఆమెకు ఎదురయ్యారు.

"మూడేళ్లుగా వణుకుతోందమ్మాయ్, ఈ చెయ్యి. నీకు తెలుసు."

"తెలుసు మాస్టారూ."

"తెలిసే నలుగురిలో పెన్ను ఇచ్చావా?"

"తెలిసే ఇచ్చాను. చెయ్యి బాగాలేదు, గీసి పెట్టమ్మా అని ఉంటే జన్మంతా గీసి పెట్టేదాన్ని. మీరు అడగలేదు. తీసుకున్నారు."

ఆయన కుంచెల కట్ట చంకలో పెట్టుకుని, మెట్ల కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగారు. ఆమె చెయ్యి అందించలేదు. పైకెళ్లి కిటికీలోంచి ఆయన రోడ్డు దాటేదాకా చూసింది. జాలి వేస్తుందేమోనని కాసేపు నిలబడింది. వేయలేదు. ఎప్పుడో తీరిగ్గా వేస్తుందిలే అనుకుని, కిటికీ మూసి, సగంలో ఉన్న మొసలికి పళ్లు గీయడానికి కూర్చుంది.