ఇరవై రెండో నంబరు బడి

ఉదయం తొమ్మిదిన్నరకి ఇరవై రెండో నంబరు బస్సు డిపో గేటు దాటేవేళకి, ఎడమవైపు మూడో సీట్లో ఒక తాతయ్య, ఒక మనవరాలు కూర్చుని ఉండేవారు. తాతయ్య ఆ రూట్లో ముప్పై ఒక్క ఏళ్లు కండక్టరు. రిటైరై నాలుగేళ్లయినా ఆయన ఎడమ భుజం కొంచెం కిందికే ఉండేది, లేని సంచీ ఏదో ఇంకా వేలాడుతున్నట్టు. మనవరాలికి ఎనిమిదేళ్లు. ఆయన ఆమెని అరటిక్కెట్టు అని పిలిచేవాడు.

ఎడమవైపే ఎందుకు కూర్చుంటారంటే, అదొక పాఠం.

"ఎండ ఎటుందే?"

"కుడివైపు."

"అయితే మనం ఎటు పోతున్నట్టు?"

"ఉత్తరానికి. తిరిగొచ్చేటప్పుడు ఎండ నెత్తిమీద ఉంటుంది, అప్పుడెటు కూర్చున్నా ఒకటే. కిటికీ మాత్రం నాదే."

ఆ పిల్ల బడి మానేసి ఎనిమిది నెలలైంది. తరగతిలో నిలబెట్టి చదవమంటే, అక్షరాలు ఒకదాని వెనక ఒకటి దాక్కునేవి. పిల్లలు నవ్వేవారు. ఆ తర్వాత రోజూ పొద్దున్నే కడుపునొప్పి. ఆసుపత్రి ల్యాబులో రోజంతా రక్తపు చుక్కలు చూసే తల్లికి, ఈ నొప్పి ఏ పరీక్షలోనూ కనపడదని తెలుసు. "ఇంట్లోనే చదువుకుంటుంది" అంది.

"ఇంట్లో కూర్చుంటే నాకు కాళ్లు పట్టేస్తాయి. బస్సులో చదివిస్తాను" అన్నాడు తాతయ్య.

నిజంగానే చదివించాడు. ఒకవైపు రెండు, ఒకవైపు మూడు, అలాంటివి తొమ్మిది వరసలు. సీట్లు ఎక్కాలయ్యాయి. సడన్ బ్రేకు పడితే ఒళ్లు ముందుకి తూలడం ఎందుకంటే, "బస్సు ఆగిందన్న కబురు నీ ఒంటికి కాస్త ఆలస్యంగా అందుతుందే అమ్మా." పోస్టాఫీసు దగ్గర దిగి కాసేపు తక్కెడ చూసేవారు. ఇనుప సామాన్ల కొట్లో మరలు బిగించి విప్పేవారు, కొట్టాయన కసిరేదాకా. వానరోజు అద్దం మీద రెండు చుక్కలు కలిస్తే ఎందుకు తొందరగా జారుతాయో ఆయనకీ తెలీదు. ఆ ప్రశ్న ఇద్దరూ కలిసి ఇంటికి మోసుకెళ్లారు.

ఆ నెల మొదట్లో తల్లి ఒక షరతు పెట్టింది.

"నాన్నా, లెక్కలొచ్చాయి, దిక్కులొచ్చాయి, సంతోషమే. చదవడం కూడా రావాలి కదా? నెలాఖరుకి చూస్తాను. రాకపోతే మళ్లీ బడికే."

పిల్ల కంచం ముందునుంచి లేచిపోయింది. తాతయ్య మాత్రం నవ్వేశాడు.

"నెలాఖరుదాకా ఎందుకే? బోర్డులన్నీ గడగడా చదివేస్తోంది!"

ఆయనకి తెలిసినంతవరకు అది నిజం. పాత ఆసుపత్రి, నీళ్ల ట్యాంకు, గడియారం స్తంభం, మిల్లు గేటు... బస్సు వేగం తగ్గగానే ఆ గొంతు మోగేది. ఆయన కళ్లు మూసుకుని పాట వింటున్నట్టు వినేవాడు. ఇప్పటి కండక్టరమ్మ "నా ఉద్యోగానికే ఎసరు పెట్టావు కదే!" అని బుగ్గ గిల్లేది.

నెలాఖరుకి నాలుగు రోజులుందనగా, పెద్ద నీళ్ల గొట్టం పగిలిందని రోడ్డు తవ్వేశారు. ఆ రోజు బస్సు డిపో దాటేసరికే పన్నెండైంది. నీళ్ల ట్యాంకు దాటగానే బస్సు ఎన్నడూ తిరగని వైపు తిరిగింది. వేగం తగ్గింది.

"గడియారం స్తంభం!" అంది పిల్ల.

బయట పాత టైర్ల కుప్ప. ఎవరో కిసుక్కున నవ్వారు. బస్సు మళ్లీ నెమ్మదించింది.

"మిల్లు గేటు!"

బయట ఎవరిదో బాల్కనీ, ఆరేసిన దుప్పట్లు.

"ఏమే, మిల్లు గేటుకి దుప్పట్లు కప్పారా? చలేసిందేమో పాపం!" అంది కండక్టరమ్మ. బస్సంతా నవ్వింది.

తాతయ్య కళ్లు తెరిచాడు. పిల్ల కిటికీలోంచి చూడటం లేదు. తన మోకాళ్లకేసి చూస్తోంది. ఒళ్లో ఒక్కో వేలూ ముడుచుకుంటోంది, స్టాపుకొకటి చొప్పున. చెవులు ఎర్రబడ్డాయి.

ఆయనకి ఒక్కసారిగా అర్థమైంది. ముప్పై ఒక్క ఏళ్లలో తనూ ఏనాడూ తలెత్తి బోర్డు చూడలేదు. టిక్కెట్లు చింపుతూనే, మలుపు ఒంటికి తగలగానే స్టాపు పేరు అరిచేవాడు. తన విద్యే ఆ పిల్లకి పూర్తిగా అబ్బింది.

"హోల్డాన్!" అని అరిచాడు. అసలు కండక్టరు నోరు తెరిచేలోపే డ్రైవరు బ్రేకు వేసేశాడు.

దిగిన వీధి ఆయనెప్పుడూ అడుగు పెట్టనిది. బస్సు వెళ్లిపోయాక కాసేపు దుమ్ము, తర్వాత ఎండ.

"తాతయ్యా, నాకు చదవడం రాదని అమ్మకి చెప్తావా?"

"చెప్పాలంటే ముందు నా సంగతి చెప్పాలి. నేనూ ఒక్క బోర్డూ చదివినవాణ్ణి కాదు."

"పో, అబద్ధం!"

"నిజమే. మిల్లు గేటు బోర్డు ఏ రంగు?"

పిల్ల ఆలోచించింది. "ఏ రంగు?"

"నాకేం తెలుసు?"

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. నవ్వు తగ్గేలోపు ఆయన జేబులో ఫోను మోగింది. భోజనం వేళకి తల్లి రోజూ చేసే ఫోనే. పిల్ల లాక్కుంది.

"ఎక్కడున్నారే?"

పిల్ల తాతయ్యకేసి చూసింది. మూలమీద నీలం బోర్డుంది. ఆయన దాన్ని ఒక్క క్షణంలో చదివి చెప్పగలడు. చెప్పలేదు. అటు తిరిగి, ఎదుటి గోడని శ్రద్ధగా చూస్తూ నిలబడ్డాడు.

"అమ్మా... ఉండు."

పిల్ల బోర్డు కిందికి వెళ్లి తలెత్తింది. అక్షరాలు దాక్కోబోయాయి. వేలెత్తి ఒక్కోదాన్నీ పట్టుకుంది.

"కు... ట్టు. కుట్టు... మి... ష... మిషన్... కుట్టు మిషన్ల... వీ... వీధి."

అవతల ల్యాబులో ఏదో యంత్రం తిరుగుతున్న చప్పుడు. రోజూ సాయంత్రం పిల్ల చెప్పగా వినీ వినీ తల్లికి ఆ రూటంతా కంఠతా వచ్చు. అందులో ఇలాంటి స్టాపు లేదు.

"ఏంటి? మళ్లీ చెప్పు."

"కుట్టు మిషన్ల వీధి. కింద చిన్నగా ఇంకా ఉంది. రెం... డో... సందు."

"తాతయ్య చెప్పాడా?"

"లేదమ్మా. అటు తిరిగి నిలబడ్డాడు. కావాలనే."

అవతల తల్లి ఆ యంత్రాన్ని ఆపేసింది.

"నెమ్మదిగా చదువుతావు నువ్వు."

"నెలాఖరుకి ఇంకా నాలుగు రోజులుంది కదా?"

"నెలాఖరు లేదు, ఏమీ లేదు. బడి సంగతి నీకెప్పుడు వెళ్లాలనిపిస్తే అప్పుడు చూద్దాం. నాకింకో గంట ఖాళీ ఉంది, అక్కడికే వస్తున్నా. ఏ గుర్తు చూసుకుని తిరగాలో చెప్పు."

"ఉండు, అవతల ఇంకో బోర్డుంది. పెద్దది."

రోడ్డు మీదికి ఉరకబోయిన పిల్లని తాతయ్య మోచెయ్యి పట్టుకుని ఆపాడు. ఇద్దరూ అటూ ఇటూ చూసి దాటారు. ఆ బోర్డు చాలా పొడుగు. పిల్ల మొదటి అక్షరం మీద వేలు పెట్టింది. ఫోనులో తల్లి, పక్కన తాతయ్య, ఎవరూ తొందరపెట్టలేదు.